గంటాయన ఏడు నిమిషాలు

గోడ గడియారంలో ఏడు కాగానే గంటాయన గంట కొట్టాడు. టీచరమ్మ మాట నోట్లోనే ఉండిపోయింది.

వరసగా ఇది మూడో గురువారం. సేవాసంఘం వారం వారం పెట్టుకునే సమావేశానికి ఆవిడ ఆరింటికల్లా రావడం, వెనక వరసలో కుర్చీ అంచు మీద కూర్చోవడం, తన వంతు ఎప్పుడొస్తుందా అని చూడటం, తీరా లేచి ఒక ముక్క అనేసరికి గంట మోగడం. ఈసారీ అంతే. "మా బళ్లో చిన్నపిల్లల తరగతి..." అందో లేదో, ఠంగ్! గంట మోగాక ఎవరేం మాట్లాడినా లెక్కలోకి రాదని సంఘం నియమం. అధ్యక్షుడు రెండు చేతులూ జోడించాడు.

"సమయం లేదు కాబట్టి వచ్చే వారం చూద్దామమ్మా."

ఆయన చెడ్డవాడేం కాదు. కలప డిపో నడుపుతాడు, అడిగినవాళ్లకి లేదనడు. కానీ మైకు చేతికిస్తే తిరిగి లాక్కోవడం మాత్రం ఎవరి తరమూ కాదు. ఆ సాయంత్రం ఏం జరిగిందో చెప్పుకుంటే నవ్వొస్తుంది. ముందు అందరూ నిలబడి ప్రతిజ్ఞ చదివారు. పుట్టినరోజుల వాళ్లకి చప్పట్లు, పెళ్లిరోజుల వాళ్లకి చప్పట్లు. తర్వాత మందుల షాపాయన జరిమానాల డబ్బా గలగలలాడిస్తూ బయల్దేరాడు. బ్యాడ్జి పెట్టుకోనివాడికి జరిమానా, ఫోను మోగినవాడికి జరిమానా, మా ఆవిడ పుట్టినరోజు మరిచిపోయానని నోరు జారినవాడికి రెట్టింపు. ఆ తర్వాత ఫొటో. అందులో ఒకాయన కళ్లు మూసుకున్నాడని మళ్లీ ఫొటో. సేవ గురించిన సంగతులన్నీ చిట్టచివర. సేవాసంఘంలో సేవ చివరికెందుకు పోయిందయ్యా అంటే ఎవరూ చెప్పలేరు. మొదట్నుంచీ అంతే.

గంటాయనకి బజారు మూలమీద గడియారాల రిపేరు షాపుంది. ఠంచనుగా ఉండే మనిషని పదకొండేళ్ల కిందట గంట ఆయన చేతికిచ్చారు. అప్పట్నుంచి అసలు పేరు పోయి అందరికీ గంటాయనే అయ్యాడు. ఆ పేరంటే ఆయనకి లోపల్లోపల గర్వం కూడాను.

మెట్ల దగ్గర టీచరమ్మ చెప్పులేసుకుంటుంటే ఆయన వెనకే దిగాడు.

"ఏమీ అనుకోకమ్మా."

"మీదేం తప్పు బాబాయిగారూ? మీ పని మీరు చేశారు." ఆవిడ నవ్వబోయింది కానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "వచ్చే గురువారంతో మీ సంఘం ఏడాది అయిపోతుందట కదా? ఆలోపు తీర్మానం కాకపోతే చిన్నపిల్లల టీచరుకి సంఘం తరఫున ఇక జీతం రాదు. ఆ అమ్మాయి పాపం ఎన్నాళ్లని ఊరికే చెప్తుంది? తను వెళ్లిపోతే ఆ గదికి తాళమే."

గంటాయన వంగి తన చెప్పులు వెతుక్కున్నాడు. ఆవిడే మళ్లీ అంది.

"అన్నట్టు మా బడి గడియారం ఆగిపోయింది. శనివారం తెస్తాను, చూస్తారా?"

శనివారం టీచరమ్మ గడియారాన్ని పాత దుప్పట్లో చుట్టి, నిద్రపోయిన పసిపిల్లని మోసుకొచ్చినట్టు జాగ్రత్తగా తెచ్చింది. కీ ఇచ్చి తిప్పే పాతకాలపు గోడ గడియారం, కింద లోలకం. షాపు ముందు బల్ల దగ్గర కూర్చుని వాచీలకి పట్టీలు బిగిస్తున్న గంటాయన భార్య లేచి, ఆవిడకి స్టూలు జరిపింది. గంటాయన గడియారం వెనక తలుపు తీసి, కంటికి భూతద్దం బిగించి, పట్టకారు కొసతో ఒక చక్రాన్ని గీకాడు. కొసన తెల్లటి ముద్ద వచ్చింది.

"ఇది నల్లబల్ల పక్కన తగిలించారా?"

"పక్కన కాదు, సరిగ్గా పైన."

"అదీ సంగతి. మీరు రాసి తుడిచిన సుద్దంతా ఇది మింగేసింది. నూనెతో కలిసి పిండి ముద్దయింది. చదువెక్కువై ఆగిపోయిందమ్మా పాపం."

"మన ఇంట్లో ఎవరికీ ఆ జబ్బు రాలేదు, అదృష్టం," అంది భార్య, సూదిలాంటి పిన్ను పట్టీలోకి దూరుస్తూ. టీచరమ్మ ఈసారి పూర్తిగా నవ్వింది.

"బుధవారం నేనే తెచ్చి తగిలిస్తాను," అన్నాడు గంటాయన. "ఇది పంతం మనిషి. గోడమీద వెంట్రుకవాసి ఒరిగినా నడవనని మొండికేస్తుంది."

మూడు రోజులు ఆయనకి అదే పని. చక్రాలన్నీ విప్పి కిరసనాయిల్లో నానబెట్టాడు. పుల్ల చెక్కి ఒక్కో కన్నంలో తిప్పి సుద్ద తీశాడు. మళ్లీ బిగించి, సూది మొనతో గసగింజంత నూనె పెట్టాడు. బుధవారం మధ్యాహ్నానికి అది బల్లమీద టిక్కు టక్కుమంటూ కూర్చుంది. ఆయన దాన్ని దుప్పట్లో చుట్టుకుని బడికి నడిచాడు.

రేకుల కప్పు కింద రెండు గదులు, అంతే బడి. వాకిట్లోకి వచ్చేసరికి ఆయనకి తన గంటే వినబడింది. ఉలిక్కిపడి కిటికీ దగ్గర ఆగాడు.

బోర్లించిన బకెట్టు మీద ఆరేళ్ల పిల్ల ఒకతి కూర్చుని ఉంది. పైపెదవి మీద సుద్దతో తెల్లటి మీసం దిద్దుకుంది. అచ్చం తన మీసమే, కొసలు కిందికి వాలి ఉన్నాయి. ఒళ్లో రేకు కంచం, చేతిలో గరిటె, మొహంలో చిరునవ్వన్నది లేదు. నిటారుగా, తను కూర్చున్నట్టే కూర్చుంది. కింద చాపలమీద పాతికమంది పిల్లలు. నల్లబల్ల ముందు టీచరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. పక్కనే చిన్నపిల్లల టీచరు, పట్టుమని ఇరవై రెండేళ్లుండవు, చేతి గడియారం చూస్తోంది.

"అయ్యలారా, మా బళ్లో చిన్నపిల్లల తరగతి..."

ఠంగ్!

"సమయం లేదు కాబట్టి వచ్చే వారం చూద్దామమ్మా!" పిల్లలంతా ఒక్కసారి చేతులు జోడించి అరిచారు. గది గదంతా నవ్వే. టీచరమ్మ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"ఒసే పిడుగూ, కాస్త ఆగవే. నేను నిజంగానే నేర్చుకుంటున్నా."

"నేనాగను టీచర్," అంది మీసాల పిల్ల, గరిటె దించకుండానే. "గంట తాత ఆగడుగా!"

గంటాయనకి చంప ఛెళ్లుమనిపించినట్టయింది. వెళ్లిపోదామా అనుకున్నాడు. చంకలో గడియారం బరువుగా ఉంది, కాళ్లు కదల్లేదు. పిడుగుని ఎలాగో బతిమాలుకుని టీచరమ్మ మొదటినుంచి చెప్పింది. చిన్నపిల్లల తరగతిలో ఇరవయ్యారుమంది ఉన్నారనీ, వాళ్ల అమ్మానాన్నలు తెల్లారేసరికి పనుల్లోకి పోతారనీ, ఈ గది లేనప్పుడు వీళ్లంతా బజారులో తోపుడుబళ్ల కింద, మూటల మధ్య ఆడుకునేవాళ్లనీ, ఇప్పుడు వీళ్లలో పందొమ్మిదిమంది సొంతంగా పేరు రాసుకుంటారనీ చెప్పింది. పిల్లలకి అది మొత్తం కంఠతా వచ్చేసినట్టుంది, ఆవిడతోపాటే పెదాలు కదుపుతున్నారు.

"నాలుగు నిమిషాలు," అంది చిన్న టీచరు వాచీ చూసి.

"ఇంకా ఎక్కడ తగ్గించాలో తెలియడం లేదే. పేర్లు రాయడం సంగతి తీసేస్తే?"

"అది తీసేస్తే ఇంకేం మిగులుతుందక్కా?"

గంటాయన గట్టిగా దగ్గి లోపలికి వచ్చాడు. పిడుగు గబుక్కున మోచేత్తో మీసం తుడిచేసుకుంది. ఒకవైపే పోయింది, రెండోవైపు అలాగే ఉంది. టీచరమ్మ మొహం కందిపోయింది. ఆయన ఏమీ చూడనట్టే నల్లబల్లకి దూరంగా కొత్త మేకు కొట్టించి, గడియారం తగిలించి, లోలకాన్ని వేలితో తోసి చెవి పెట్టాడు. టిక్కు ఒకలా, టక్కు ఒకలా కుంటుతోంది. అట్టముక్క మడిచి ఒక పక్క దోపాడు. మళ్లీ విన్నాడు. ఇప్పుడు రెండూ సమంగా పడ్డాయి.

కిందికి చూస్తే పిడుగు ఆయన పక్కన నిలబడి ఉంది.

"తాతా, నువ్వేనా గంట తాతవి?"

"నేనేనమ్మా."

"నువ్వెందుకాగవు?"

"గడియారం ఏడు చూపిస్తే కొట్టాలి కదమ్మా. నా చేతుల్లో ఏముంది?"

ఆ మాట అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆయన చేతుల్లో కాకపోతే ఎవరి చేతుల్లో ఉంది? సంఘం గడియారం ఏడు నిమిషాలు ముందుంటుంది. దాన్ని ముందుకి జరిపింది ఆయనే. గంట చేతికొచ్చిన కొత్తల్లో సభ్యులు తీరిగ్గా ఆలస్యంగా వస్తున్నారని, ఓ మధ్యాహ్నం స్టూలెక్కి ముల్లు తిప్పేశాడు. ఓ నెలపాటు అందరూ పరిగెత్తుకుంటూ వచ్చారు. తర్వాత కిటుకు తెలిసిపోయి, ఎవరి చేతి గడియారం చూసుకుని వాళ్లు మళ్లీ తీరిగ్గా రాసాగారు. అంటే మొదలయ్యేది చేతి గడియారాల ప్రకారం, ముగిసేది గోడ గడియారం ప్రకారం. మధ్యలో ఏడు నిమిషాలు గాల్లో కలిసిపోయాయి. అవి చివరి నిమిషాలు. చివర వచ్చేవాళ్లవి. గడియారాలు బాగుచేసి బతికే మనిషికి ఇది పదకొండేళ్లుగా తెలుసు, అయినా ఒక్కనాడూ పట్టించుకోలేదు. తొందరగా ఇంటికి పోవడం ఎవరికి చేదు గనక?

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ పొయ్యిమీద పాలు చూసుకుంటూ విని, తిరిగి చూడకుండానే అంది.

"నాకెప్పుడో తెలుసు."

"నీకా! ఎలా?"

"సమావేశం ఏడింటి దాకా అంటారు. అక్కణ్నుంచి మనింటికి పది నిమిషాల నడక. గురువారం గురువారం ఏడూ మూడుకి గుమ్మంలో ఉంటారు. ఎగిరొస్తున్నారా ఏమిటి?"

"మరి ఒక్కసారన్నా అన్లేదే?"

"ఓ ఏడు నిమిషాలు ముందొస్తే నాకేం నష్టం, బానే ఉందిలే అనుకున్నా." పాలు దించి ఇటు తిరిగింది. మొహంలో వేళాకోళం పోయింది. "అవి ఇంకొకరివని నాకేం తెలుసండీ?"

ఆవిడ దగ్గరికొచ్చి, ఆయన చొక్కా మీద పడిన సుద్దపొడి దులిపింది.

"ఇంత దిగులెందుకు? రేపు వెళ్లి సరిచేసి రండి. మీకు వచ్చిన పనే కదా."

గురువారం నాలుగింటికి సంఘం హాలు తాళం తీసుకుని ఒక్కడే మేడెక్కాడు. కుర్చీలు ఇంకా సర్దలేదు. స్టూలెక్కి గడియారం అద్దం తీశాడు. గంటలు కొట్టే పాత గడియారాల ముల్లు వెనక్కి తిప్పితే లోపల కొక్కెం విరుగుతుంది. దానికి ఒకటే దారి, ఆపేసి, నిజమైన వేళ వచ్చేదాకా కాచుకోవడం. ఆయన లోలకాన్ని వేళ్లతో పట్టుకుని ఆపాడు. చేతి గడియారం చూసుకుంటూ స్టూలు మీదే నిలబడ్డాడు.

అంతా నిశ్శబ్దం. ఒక నిమిషం అయింది. కింద వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టారు. రెండు అయ్యాయి. ఏడు నిమిషాలంటే ఎంతసేపులే అనుకున్నాడు గానీ, మోకాళ్లు అప్పుడే లాగుతున్నాయి. ఏం తోచక నిన్న విన్నది నెమరేసుకున్నాడు. అయ్యలారా, మా బళ్లో చిన్నపిల్లల తరగతి. ఇరవయ్యారుమంది, మూటల మధ్య ఆటలు, పేరు రాసుకునే పందొమ్మిదిమంది. పెదాలు కదుపుతూ మొత్తం అప్పజెప్పుకున్నాడు. అదంతా అయ్యాక కూడా ఇంకా నిలబడాల్సి వచ్చింది. మనిషి తన కష్టం మొత్తం చెప్పుకుని, ఓ గుక్క మంచినీళ్లు తాగి, బాగున్నారా అని పలకరించేంత సమయం. వారానికోసారి, పదకొండేళ్లు. ఆయనకి కళ్లు చెమ్మగిల్లాయి. సరిగ్గా వేళకి లోలకం వదిలేసి దిగాడు.

ఆరింటికి సమావేశం మొదలైంది. ప్రతిజ్ఞ, చప్పట్లు, డబ్బా గలగల, ఫొటో. వెనక వరసలో టీచరమ్మ, కుర్చీ అంచు మీద. ఫొటో అయ్యేసరికి అధ్యక్షుడు గోడ గడియారం వంక చూసి సంబరపడిపోయాడు.

"అరె! ఈవేళ అన్నీ చకచకా అయిపోయాయే! ఇంకా పదకొండు నిమిషాలుంది. అయితే మొన్న నా పడవ ప్రయాణం సంగతి చెప్పాల్సిందే!"

ఈ మాట గంటాయన ఊహించనే లేదు. తను స్టూలెక్కి నిలబడి మిగిల్చిందంతా ఈ పడవలో కొట్టుకుపోయేలా ఉంది. అధ్యక్షుడు టికెట్ల దగ్గర మొదలుపెట్టాడు. ఆరూ యాభై అయింది. పడవ ఇంకా ఒడ్డు వదల్లేదు. టీచరమ్మ ఒళ్లోని కాగితాన్ని మడిచింది, మళ్లీ విప్పింది. ఆరూ యాభై రెండు. పడవలో ఎవరికో వాంతులు, హాల్లో నవ్వులు. ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టేసుకుంది.

ఆరూ యాభై మూడు. పదకొండేళ్లుగా ఆయన చెయ్యి లేచింది ఈ వేళకే. ఈసారీ లేచింది.

ఠంగ్!

పడవ నడి నీళ్లలో ఆగిపోయింది. అలవాటు కొద్దీ అందరూ లేచి సంచులు అందుకున్నారు.

"కూర్చోండి," అన్నాడు గంటాయన. గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "ఏడు కాలేదు."

"కాకపోతే గంటెందుకు కొట్టావయ్యా?" అధ్యక్షుడు మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఇన్నాళ్లూ ఇదే వేళకి కొట్టానండీ. ఆ గడియారం ఏడు నిమిషాలు ముందుకి జరిపింది నేనే. మీరు ఎప్పుడు మొదలెట్టినా చివర ఏడు నిమిషాలు తెగిపోయేవి. ఈవేళే సరిచేశాను." ఆయన గంటని కుర్చీ పక్కన పెట్టాడు. "తెగిపోయినవి మనవి కావు. ఎప్పుడూ చివర కూర్చునేవాళ్లవి. ఈ అమ్మ మూడు వారాలుగా వెనకే కూర్చుంది. ఆ తప్పు నాది. దయచేసి ఈవేళైనా ఆవిణ్ని మాట్లాడనివ్వండి."

అధ్యక్షుడు మైకు వంక చూసుకున్నాడు, అది తన చేతిలోకి ఎలా వచ్చిందో తెలియనట్టు. తర్వాత కుర్చీల మధ్యనుంచి వెనక వరస దాకా నడిచి, దాన్ని టీచరమ్మకి అందించాడు.

"చెప్పమ్మా."

ఆవిడ లేచింది. సంచిలోంచి కాగితం తియ్యలేదు. "అయ్యలారా, మా బళ్లో చిన్నపిల్లల తరగతి..." అని, చెయ్యని పాపానికి తిట్లు తినబోయేదానిలా ఒక్క క్షణం గంట వైపు చూసింది. గంటాయన గంటని ఒళ్లోకి తీసుకుని, దాని నాలుకని చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకున్నాడు. ఆవిడ చెప్పింది. తోపుడుబళ్ల కింద పిల్లల సంగతి చెప్పింది, పేర్లు రాసుకునేవాళ్ల సంగతి తీసెయ్యకుండా చెప్పింది. ఆవిడతోపాటే తన పెదాలూ కదులుతున్నాయని గంటాయనకి తెలియనే లేదు.

సరిగ్గా నాలుగు నిమిషాలకి "అంతేనండీ" అని కూర్చుంది.

"సమయం లేదు కాబ..." అలవాటుగా మొదలెట్టిన అధ్యక్షుడు గడియారం చూశాడు. ఏడుకి ఇంకా రెండు నిమిషాలుంది. నోరు మూసుకున్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు గానీ ఆయన నవ్వలేదు.

"ఇంతేనా అమ్మా? ఇంత చిన్న మాట చెప్పడానికా మూడు వారాలు నిన్ను తిప్పించుకున్నాం? ముందే చెప్పి ఉంటే..."

"చెప్పానండీ," అంది టీచరమ్మ మెల్లగా. "ప్రతి వారం ఒక్కో ముక్క."

అధ్యక్షుడికి మొహం చెల్లలేదు. తర్వాత ఎవర్నీ అడక్కుండా, తీర్మానం అనైనా అనకుండా, తనే ముందు చెయ్యెత్తాడు. మందుల షాపాయన ఎత్తాడు. ఒక్కొక్కటే లేచాయి. గంటాయన ఎత్తిన చేతుల వంక చూస్తూ తన చెయ్యి ఎత్తడమే మరిచిపోయాడు. పక్కాయన మోచేత్తో పొడిచాడు.

గోడ గడియారం ఏడు కొట్టింది. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన గంట ఒళ్లో పెట్టుకుని, రుమాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

"వేళకాని వేళలో గంట కొట్టినందుకు ఒక జరిమానా, వేళకి కొట్టనందుకు రెండోది," అన్నాడు మందుల షాపాయన డబ్బా చాపుతూ. "తియ్యన్నా. పదకొండేళ్లలో మొదటిసారి దొరికావు."

ఆ రాత్రి ఇంటికి చేరేసరికి ఏడూ పదీ దాటింది. గుమ్మంలో నిలబడ్డ భార్య ఆయన మొహం చూసి పక్కకి జరిగింది. "టీ చల్లారిపోయింది, మళ్లీ పెడతాను," అంది.

మర్నాడు ఆయన బడికి వెళ్లాడు. కొత్తగా తగిలించిన గడియారం ఒకటి రెండు రోజుల్లో వెనకబడుతుంది, లోలకం కింద మర కాస్త తిప్పాలి. లోపల పిల్లలు సమావేశం ఆడుకుంటున్నారు. పిడుగు బకెట్టు మీద, తెల్లటి మీసంతో, గరిటె పైకెత్తి పట్టుకుని ఉంది. నల్లబల్ల ముందు ఈసారి టీచరమ్మ లేదు, ఒక బక్కపలచని పిల్ల నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని తన సంగతేదో చెప్తోంది. వాళ్లమ్మ ఏం పని చేస్తుందో, తమ్ముడికి ఎన్ని పళ్లొచ్చాయో, అన్నీ.

గంటాయన్ని చూడగానే పిడుగు మీసం తుడుచుకోలేదు. గరిటె అలాగే పట్టుకుని, పెద్ద అధికారిని అడిగినట్టు అడిగింది.

"తాతా, కొట్టెయ్యనా?"

ఆయన గోడమీది గడియారానికి చెవి పెట్టి విన్నాడు. టిక్కూ టక్కూ సమంగానే పడుతున్నాయి.

"ఉండమ్మా," అన్నాడు. "దాన్ని చెప్పుకోనీ. ఇంకా టైముంది."

పిడుగు గరిటె కంచంలో పెట్టి, చేతులు కట్టుకుని వినసాగింది.